జాబ్రియా వీరగల్లు

ఆ పొద్దున బాలసుబ్బయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. వీధి మేలుకోకముందే స్తంభం అడుగున కాస్త సిమెంటు పగలగొట్టాలి. లోపల పడివున్న రెండు పాస్‌పోర్టులు తీసుకోవాలి. ఒకటి తనది, ఒకటి వంటమనిషి సంజీవమ్మది. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ హవల్లీ చేరి, మనవాళ్ళను జోర్డాన్ తీసుకుపోయే బస్సు ఎక్కాలి. ఇంత సులువైన ఏర్పాటు చెడిపోవడానికి దారే లేదని అతను ముందురోజే బాగా ఆలోచించి తేల్చుకున్నాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి నెల కావస్తోంది. బాలసుబ్బయ్య యజమాని, పనివాళ్ళంతా బాబా అని పిలిచే పెద్దమనిషి, ఎండలు తప్పించుకోవడానికి పెళ్ళాంపిల్లలతో యూరప్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. చిక్కుకుపోవడం అన్నది బాబా మాటే. జాబ్రియాలోని ఇల్లు, రెండు కార్లు, ఒక చిలుక, ఒక స్తంభం డ్రైవరు బాలసుబ్బయ్య మీద పడ్డాయి. కార్లను మొదటి వారంలోనే సైనికులు తోలుకుపోయారు. చిలుక తనంతట తానే వెళ్ళిపోయింది. స్తంభం మిగిలింది.

ఆ స్తంభం సంగతి కాస్త చెప్పాలి. కొన్నేళ్ళ కిందట బాబా రోము వెళ్ళినప్పుడు, నగరం నడిబొడ్డున ఒక చౌకులో, ఎవరో పాత చక్రవర్తి గెలుపుకు గుర్తుగా నిలబెట్టిన రాతి స్తంభం చూశాడు. కిందినుంచి పైదాకా యుద్ధమంతా చెక్కివుంది. మెడ పట్టేసేదాకా చూసి, తిరిగి రాగానే అలాంటిదే తన గేటు ముందు, నాలుగు వీధులు కలిసేచోట ఉండాలన్నాడు. ఆ జాగా ఎవరిదని ఎవరూ అడగలేదు. పూలకుండీలు పోసే మేస్త్రీ ఒకడు ఫోటో ముందు పెట్టుకుని, ఇనుప జాలీ మీద సిమెంటు మెత్తి, రెండు నిలువుల ఎత్తున లేపాడు. కింద కవాతు చేసే సైనికులు, వాళ్ళపైన దోచిన సామానుతో బండ్లు, ఆపైన చేతులు కట్టేసిన బందీలు, అందరి నెత్తినా చక్రవర్తి. గుర్రాలు మాత్రం మేస్త్రీకి కుదరక మేకల్లా వచ్చాయి. ఇంటికి వచ్చిన ప్రతి అతిథినీ బాబా దాని ముందు నిలబెట్టి, రోము కథ మొదటినుంచీ చెప్పేవాడు. కారు తలుపు పట్టుకుని పక్కన నిలబడీ నిలబడీ బాలసుబ్బయ్యకు ఆ కథ అరబ్బీలో కంఠతా వచ్చేసింది.

సైనికులు ఇళ్ళలో దూరి సొరుగులు ఊడ్చుకుపోతున్నారని తెలిసిన రోజు బాలసుబ్బయ్య, బాబా సొరుగులో ఉన్న తమ పాస్‌పోర్టులను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పురికొస కట్టి, ఒక గుర్రం పొట్ట కింద పెచ్చు ఊడిన బొక్కలోంచి స్తంభం లోపలికి వేలాడదీశాడు. ఇంత తెలివి తనలో ఎక్కడ దాగివుందా అని తనే ఆశ్చర్యపోయాడు. మర్నాడు లాగితే పురికొస ఒక్కటే వచ్చింది. అప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు. పాస్‌పోర్టు లేనివాడిని ఏ సరిహద్దులోనూ మనిషిగా లెక్కవేయరు. రాయచోటి దగ్గర ఊళ్ళో భార్య వెంకటేశ్వరి రేడియో వార్తలు వింటూ కూర్చునివుంటుందని తలుచుకుంటే చాలు, అతనికి ఏడుపు వచ్చేది.

తెల్లవారుతుండగా సుత్తి, ఉలి పట్టుకుని బాలసుబ్బయ్య స్తంభం దగ్గరికి వచ్చేసరికి, అక్కడ సంజీవమ్మ పసుపు కుంకాల పళ్ళెంతో సిద్ధంగా ఉంది.

"ఆగన్నా! వీరగల్లును అడక్కుండా ఉలితో పొడుస్తారా యాడన్నా?"

"వీరగల్లు యాడిది సంజీవమ్మా? ఇది సిమెంటు. నీ కండ్ల ముందరే గదా పోసింది."

"మా ఊరి పొలిమేరలో అచ్చం ఇట్లాంటిదే ఉండాది. కింద కొట్లాట, పైన వీరుడు. యుద్ధంలో చచ్చినోడు ఏ దేశమోడైనా వీరుడే."

"పైనుండేటోడు చావలేదమ్మే. గెలిచినాడు."

"గెలిచినోళ్ళు చావరా?"

మామా అని పిలిచే బాబా భార్య యూరప్ వెళ్ళినప్పటినుంచీ ప్రతి శుక్రవారం సంజీవమ్మ ఆ స్తంభానికి పసుపు రాస్తూనే ఉంది. యుద్ధం వచ్చిన తర్వాత పళ్ళెం మరింత పెద్దదయింది. ముందు వీరుడి అనుమతి అడిగితేగానీ సుత్తి పడనివ్వనని ఆమె భీష్మించుకుంది. చేతికి అందిన ప్రతి సైనికుడికీ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. వాదించే కంటే దండం పెట్టుకుంటే పని త్వరగా అయిపోతుందని బాలసుబ్బయ్య సుత్తి, ఉలి లుంగీలో దోపుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

అది పొరపాటు. ఆ రోజుల్లో కువైట్‌లో ఒకరి వెనక ఒకరు నిలబడటం తగని పని. ఇద్దరు అలా కనిపిస్తే మూడోవాడు వచ్చి చేరేవాడు. రొట్టెలిస్తారో, నీళ్ళిస్తారో, బస్సే వస్తుందో, ఆ వివరం కనుక్కునేలోగా వెనక ఇంకో పదిమంది ఉండేవాళ్ళు. ఎప్పుడు ఏది దొరుకుతుందో తెలియక అందరూ సంచీ, పాస్‌పోర్టు చంకన పెట్టుకునే తిరిగేవాళ్ళు. పక్కింటి తోటమాలి, రాయచోటివాడే అయిన ఖాజా హుస్సేన్ అలాగే సంచీతో సహా వచ్చి బాలసుబ్బయ్య వెనక నిలబడ్డాడు.

"సుబ్బయ్య భాయ్, ఏమిస్తాండారు?"

"ఏమీ ఇయ్యడంలేదు. పోప్పా."

"ఏమీ ఇయ్యకుంటే నువ్వెందుకు నిలబడినావు?"

"నేను ఊరికే నిలబడినా."

"నువ్వింత దాస్తాండావంటే ఏందో మంచిదే ఇస్తాండారు" అని ఖాజా హుస్సేన్ సంచీ కింద పెట్టి కుదురుకున్నాడు.

సంజీవమ్మ రెండో వరస సైనికులకు బొట్టు పెట్టేసరికి జనం వీధి మలుపు దాటారు. బిస్కెట్లని మధ్యలో ఉన్నవాళ్ళు అన్నారు. విమానం టిక్కెట్లని చివర ఉన్నవాళ్ళు అన్నారు. ఎవరో ఒకాయన వరుసను సరిచేసే బాధ్యత తనంతట తానే తీసుకుని, బాలసుబ్బయ్యను గీత దాటవద్దని కసిరాడు. ఇంతమంది ఎదుట ఉలి బయటికి తీయడం ఎలాగో అతనికి అంతుపట్టలేదు.

అప్పుడే సైన్యం జీపు వచ్చి ఆగింది. ఒక కెప్టెన్ దిగాడు. నలుగురు గుమిగూడితే కాల్చేస్తామని గోడలమీద కాగితాలు అంటించి ఉన్న రోజులవి.

"ఏమిటీ గుంపు? ఇక్కడ ఏం జరుగుతోంది?" అని కెప్టెన్ అరబ్బీలో గద్దించాడు.

పెట్రోలు, కూరగాయలు, పిల్లల బడి, ఇవి దాటితే బాలసుబ్బయ్యకు వచ్చిన అరబ్బీ ఒక్కటే ఉంది. అది దానంతట అదే బయటికి వచ్చింది.

"మహాశయా, రోము నగరం నడిబొడ్డున, సుమారు రెండువేల ఏళ్ళ కిందట, ఒక గొప్ప చక్రవర్తి తన విజయానికి గుర్తుగా..."

బాబా లాగే చెయ్యి ఊపుతూ, ఆగవలసిన చోట ఆగుతూ అంతా ఒప్పజెప్పాడు. ఇది దానికి నకలు అనే వాక్యం కథ చివర వస్తుంది. అక్కడిదాకా రాకముందే కెప్టెన్ చెయ్యెత్తి ఆపేశాడు. స్తంభం చుట్టూ ఒకసారి నడిచాడు. సైనికుల్ని చూశాడు. బండ్లను ఎక్కువసేపు చూశాడు. వేలితో ఒక సైనికుడి నుదురు రుద్దితే ఎర్రగా అంటుకుంది.

"రెండువేల ఏళ్ళయినా రంగు పోలేదు!" అన్నాడు గౌరవంగా. "యుద్ధంలో కూడా దీన్ని చూడటానికి ఇంతమంది వచ్చారా?"

వరుసలో అందరూ తలలూపారు. ఏమి ఇచ్చినా ముందు తలూపడం మంచిదని వాళ్ళ అనుభవం.

కెప్టెన్ వైర్‌లెస్‌లో జనరల్‌తో మాట్లాడాడు. రోము చక్రవర్తి విజయస్తంభాన్ని పట్టుకున్నానని చెప్పాడు. వెంటనే బాగ్దాద్ తీసుకురమ్మని అవతలినుంచి ఆజ్ఞ అయింది. క్రేను, పెద్ద లారీ వచ్చాయి. తన పాస్‌పోర్టు గాల్లోకి లేస్తుంటే బాలసుబ్బయ్యకు ప్రాణం లేచిపోయినట్టయింది. అతను కెప్టెన్ ఎదుటికి ఉరికి ఉన్న నిజం చెప్పేశాడు.

"సార్, అది సిమెంటు! మేస్త్రీ పోసినాడు సార్!"

"నేను దీన్నిక్కడే వదిలేసి పోవాలని అబద్ధాలాడుతున్నావు" అన్నాడు కెప్టెన్. "నువ్వూ ఎక్కు. జనరల్‌గారికి ఆ కథ నువ్వే చెప్పాలి."

"నా పాస్‌పోర్టు యాడికి పోతే నేనూ ఆడికే" అని సంజీవమ్మ పళ్ళెంతో సహా ఎక్కింది. లారీ రాగానే ఇప్పటికి వరుస దేనికో అందరికీ అర్థమైంది. ఖాజా హుస్సేన్ సంచీ విసిరి ఎక్కాడు, వెనకే పట్టినంత జనం ఎక్కారు. చూడటానికి వచ్చినవాళ్ళే దించేటప్పుడు మోస్తారని కెప్టెన్ కూడా అడ్డు చెప్పలేదు.

లారీ సరిహద్దు దాటి బస్రా వైపు సాగింది. ముందు తుపాకులతో సైనికులు, మధ్యలో దోచిన సామాను, వెనక ఎక్కడికో తెలియకుండా పోతున్న జనం. బాలసుబ్బయ్య ఒకసారి లారీని చూశాడు, ఒకసారి స్తంభాన్ని చూశాడు. గుర్రాలు తప్ప మేస్త్రీ అన్నీ సరిగ్గానే పోశాడనిపించింది.

బస్రా దాటాక, పాత యుద్ధంలో బాంబు పడిన గుంత ఒకటి రోడ్డు మధ్య ఉంది. లారీ ఎగిరిపడింది. స్తంభం కూడా ఎగిరి, పడేటప్పుడు మాత్రం రెండుగా పడింది. లోపలినుంచి తుప్పు జాలీ, ఇసుక, ఖాళీ రంగు డబ్బా, మేస్త్రీ ఎప్పుడో వదిలేసిన రబ్బరు చెప్పు, ఒక ప్లాస్టిక్ కవరు దొర్లాయి. బాలసుబ్బయ్య కవరు మీద పడ్డాడు. దాన్ని గుండెకు హత్తుకుని సిగ్గు లేకుండా ఏడ్చాడు.

కెప్టెన్ లారీ ఎక్కి, చెప్పు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"రోమువాళ్ళు రబ్బరు చెప్పులు వేసుకునేవాళ్ళా?"

"తెలీదు సార్. బాబా ఆ సంగతి చెప్పలేదు."

కెప్టెన్ అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. జనరల్ ఈపాటికి తన పైవాళ్ళకు చెప్పేసివుంటాడు, వాళ్ళు ఇంకా పైవాళ్ళకు చెప్పివుంటారు. పూలకుండీల సిమెంటు తీసుకుపోయి వాళ్ళ ముందు పెట్టినవాడిని ఏం చేస్తారో కెప్టెన్‌కు బాగా తెలుసు. అతని ముఖం చూస్తే బాలసుబ్బయ్యకు జాలి వేసింది. ఇందాకటిదాకా తన ప్రాణం ఉన్న స్తంభంలోనే ఇప్పుడు ఇతని ప్రాణం ఉంది.

"ఇది సిమెంటని మీరంతా చూశారా?" అని కెప్టెన్ మెల్లగా అడిగాడు.

"అందరం చూసినాం సార్" అన్నాడు ఖాజా హుస్సేన్ ఉత్సాహంగా.

కెప్టెన్ చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి పోయింది. అతను లారీలోని జనం మీద కళ్ళు తిప్పాడు. చివరికి సంజీవమ్మ దగ్గర ఆగాడు. ఆమె అప్పుడే విరిగిపడిన చక్రవర్తి తలను దారి పక్కన నిటారుగా నిలబెట్టి, మిగిలిన కుంకుమంతా దాని నుదుట పెడుతోంది. "నమ్మినోళ్ళను ఒదిలిపెట్టలేదు సామీ" అని చెప్పుకుంటోంది. కెప్టెన్ చెయ్యి కిందికి దిగింది.

"జోర్డాన్ సరిహద్దుకు ఎంతసేపు పడుతుంది?" అని డ్రైవరును అడిగాడు.

ఆ తర్వాత లారీ ఎక్కడా ఆగలేదు. తనిఖీ చౌకీ కనిపించినప్పుడల్లా కెప్టెన్ తల బయటపెట్టి "యల్లా, యల్లా! జనరల్‌గారి పని!" అని అరిచాడు. దారిలో వాళ్ళు హవల్లీ బస్సును కూడా దాటేశారు. సరిహద్దులో అతనే దగ్గరుండి అందరి పాస్‌పోర్టుల మీదా ముద్రలు వేయించాడు, అందరికీ నీళ్ళు తెప్పించాడు. సాక్షులు దేశం దాటేదాకా అక్కడినుంచి కదలలేదు.

"మీరేమీ చూడలేదు" అన్నాడు చివర.

"ఏమి చూడలేదు సార్?" అన్నాడు బాలసుబ్బయ్య.

"ఖలాస్. అదే" అని కెప్టెన్ తృప్తిగా వెనుదిరిగాడు.

మరుసటి ఏడాది కువైట్ విడుదలయ్యాక బాబా కబురు పంపితే బాలసుబ్బయ్య మళ్ళీ పనిలో చేరాడు. కార్లు పోయినందుకు బాబా కాస్త బాధపడ్డాడు. తివాచీలు పోయినందుకు మామా చాలా బాధపడింది. స్తంభాన్ని సైన్యమే క్రేను తెచ్చి ఎత్తుకుపోయిందని వినగానే మాత్రం బాబా ముఖం వెలిగిపోయింది.

"అసలుదనుకున్నారా? నిజంగా అసలుదే అనుకున్నారా?" అని మూడుసార్లు అడిగాడు. మీరెలా ఇల్లు చేరారని అడగడం మరిచిపోయాడు. అతిథులకు చెప్పే కథకు ఇప్పుడు రెండో భాగం కుదిరింది గనుక, ముందుదానికంటే పెద్ద స్తంభం పోయమని అదే మేస్త్రీని పిలిపించాడు.

మేస్త్రీ వచ్చి సిమెంటు కలుపుతుంటే, బాలసుబ్బయ్య పక్కకు పిలిచి, ఈసారి అడుగున ఒక చిన్న తలుపు పెట్టమన్నాడు.