కొనడానికా, ఉండడానికా?

శనివారం ఉదయం టైలరు పళ్ళు తోముకుంటూనే ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు. పదింటికల్లా కొరియా పెద్దావిడ ఇంటికి వెళ్ళాలి. ఆవిడ అమ్మకానికి పెట్టిన ఓవర్‌లాక్ మిషను కొనాలి. మధ్యాహ్నానికల్లా తెచ్చి కొట్లో బిగించాలి. బట్ట అంచుల్లో పోగులు ఊడకుండా కుట్టే ఆ మిషను లేకపోతే రెండు వందల స్కూలు యూనిఫారాలు వారంలో తెమలవు. తెమలకపోతే ఆ స్కూలువాళ్ళు మళ్ళీ అతని గుమ్మం తొక్కరు.

"ఆవిడకి మన మాట రాదు కదండీ, ఎలా మాట్లాడతారు?" అంది భార్య, కాజాలు కుట్టడం ఆపకుండా.

"ఎలాగేంటి? నిన్ననే మెసేజ్ పెట్టేశాను. కొరియా భాషలో!"

వెనక వీధిలో కొరియా కుటుంబాలు ఎక్కువ. వాళ్ళ బట్టల పని పట్టాలని మూడు నెలలుగా అతను ఫోన్లో ఆ భాష నేర్చుకుంటున్నాడు. నిన్నటి పాఠం, ఎందుకు వెళ్తున్నామో ఎందుకు వచ్చామో చెప్పడం. మన 'డానికి' లాగా క్రియకి చివర 'రో' తగిలించి, వెళ్ళు అనో రా అనో అంటే సరి. తినడానికి వెళ్తాను, చూడ్డానికి వచ్చాను. ఆ పాఠం అతన్ని పట్టి ఊపేసింది. నిన్నటి నుంచి కారణం చెప్పకుండా ఒక్క గదిలోకీ వెళ్ళలేదు. నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్తున్నానని కొరియా భాషలో ప్రకటించి, అర్థం కూడా చెబితే, "వెళ్ళండి, ఎవరాపారు?" అంది భార్య.

పెద్దావిడ ప్రకటన దారాల కొట్టు గోడ మీద ఉంది. పైసగంలో మిషను అమ్మకం, కింది సగంలో ఇంకేదో. అతను పైసగమే చదివాడు. వెంటనే మెసేజ్ కొట్టాడు, "రేపు పదింటికి సల్లో వస్తాం" అని. సల్లో అంటే కొనడానికి అని అతని లెక్క. క్షణంలో జవాబు వచ్చింది. ఎంతమంది అని అడిగింది. మోయడానికి కాబోలనుకుని, తనూ భార్యా అత్తగారూ ముగ్గురమని రాశాడు. ఎన్నాళ్ళకి అని అడిగింది. ఇది మాత్రం అతని మనసుని తాకింది.

"అబ్బ, పిల్లనిచ్చేవాళ్ళలాగా అడుగుతోంది, ఎన్నాళ్ళు ఉంచుకుంటావని! మిషనంటే ఆవిడకెంత ప్రాణమో!" అని తనలో తనే మురిసిపోయి, "జీవితాంతం" అని రాశాడు. అవతలి నుంచి పువ్వుల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి.

వ్యాను మాట్లాడుకున్నారు. మిషనుకి దెబ్బ తగలకుండా చుట్టడానికి రెండు బొంతలు, నాలుగు దిండ్లు, ఒక పరుపు వేసుకున్నారు. నడుంనొప్పి మనిషి కాబట్టి అత్తగారు తన దిండు విడిగా చంకలో పెట్టుకుంది. ఇంట్లో ఊపిరాడక ఎక్కడికి రమ్మన్నా బయల్దేరే మనిషి ఆవిడ.

పెద్దావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. వ్యానులోంచి దిగుతున్న పరుపుని, దిండ్లని చూసి ఆవిడ మొహం చేటంతైంది. టైలరు గొంతు సవరించుకుని, కొనడానికి వచ్చామని చెప్పడానికి నిన్నంతా సాధన చేసిన వాక్యం గట్టిగా వదిలాడు.

"సల్లో వస్సోయో!"

ఆవిడ రెండు చేతులూ పట్టుకుని తిన్నగా మేడ మీదికి తీసుకెళ్ళింది. ఒక గది తలుపు తీసింది. కొళాయి తిప్పి నీళ్ళు చూపించింది. కిటికీ తెరిచింది. బీరువా అరలు ఖాళీగా ఉన్నాయని ఒక్కొక్కటీ లాగి చూపించింది. మూడు మంచాలు వేసి ఉన్నాయి.

"మిషనేదండీ?" అంది భార్య చిన్నగా.

"ఉండవే, వాళ్ళ మర్యాద అది. ముందు ఇల్లు చూపించి ఆ తర్వాతే బేరం."

అత్తగారు కిటికీ పక్క మంచమ్మీద నడుం వాల్చింది. "అబ్బ! ఎంత మర్యాదస్తులు అల్లుడూ! మిషను కొనడానికొస్తే మంచం కూడా వేస్తారా!"

పెద్దావిడ ఒక కాగితం తెచ్చింది. రాతలో సగం అర్థంకాకపోయినా సంతకం గీత ఏ భాషలోనైనా ఒకేలా ఉంటుంది కాబట్టి అతను చేసేశాడు. డబ్బు కవరు ఇస్తే ఆవిడ అందులోంచి కొంతే తీసుకుని మిగతాది తిరిగిచ్చేసింది. టైలరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "సగానికి సగం తగ్గించింది! భాష తెలిస్తే ఇదీ లాభం!" ఆవిడ ఒక తాళంచెవి కూడా అరచేతిలో పెట్టింది. మిషను మూతకి కాబోలని జేబులో వేసుకున్నాడు.

కింద ఎవరో తలుపు తట్టారు. బ్యాగులు కుట్టే ఆయనట, కొరియా మనిషే. "సరో వస్సోయో" అన్నాడు నింపాదిగా. పెద్దావిడ హాల్లోని అట్టపెట్టె చూపించింది. ఆయన ఒక్కడే దాన్ని కదపలేక ఆయాసపడుతుంటే టైలరు గబగబా దిగి రెండో వైపు పట్టుకున్నాడు. "పాత సామాను ఖాళీ చేస్తోంది పాపం," అంటూ తన తాడుతోనే కట్టి, తన బొంత ఒకటి చుట్టి, ఆయన బండిలోకి ఎక్కించి టాటా చెప్పాడు.

వెనక్కి తిరిగేసరికి భార్య మెట్ల మీద నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, ఆయన సరో అన్నాడు. మీరు పొద్దున్నుంచీ సల్లో అంటున్నారు. ఆయన సామానుతో వెళ్ళాడు. మనకి మంచాలొచ్చాయి."

టైలరు నవ్వబోయి, ఆగి, ఫోను తీశాడు. పాఠంలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. 'సదా' అంటే కొనడం. 'సల్దా' అంటే నివసించడం. 'రో' తగిలిస్తే మొదటిది సరో, రెండోది సల్లో. నిన్నటి మెసేజ్‌లు మళ్ళీ చదివాడు. అంటే జీవితాంతం, ముగ్గురం... మరి ఆ అట్టపెట్టెలో ఉన్నది మిషనా!

"బొంత కూడా చుట్టిచ్చారు," అంది భార్య.

ఇక లాభం లేదని అతను పెద్దావిడ ముందుకు పరిగెత్తి, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. "సరో వస్సోయో! సరో!"

పెద్దావిడ కళ్ళు పెద్దవయ్యాయి. కొనడానికి వచ్చాడట! మిషను చూస్తే వెళ్ళిపోయింది, మిగిలింది ఇల్లే. ఆవిడ గోడలకేసి, కప్పుకేసి చూసి, గుండె మీద చెయ్యేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని లోపలికెళ్ళి ఇంటి దస్తావేజులు పట్టుకొచ్చింది.

టైలరు కుర్చీలో కూలబడ్డాడు. అతని వాలకం చూసి కంగారుపడిన పెద్దావిడ, వేరే ఊళ్ళో ఉంటున్న కూతురికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి రెండు భాషలూ వచ్చు. మొత్తం విని పడీపడీ నవ్వింది.

"అంకుల్, మిషను అమ్మేసిందట. సారీ చెప్పమంటోంది. గది వద్దంటే కాగితం చింపేస్తుందట. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేకే గది అద్దెకిస్తానని ప్రకటన కింది సగంలో రాసి, ఎవరైనా వస్తారని చూస్తోంది, అందుకే అంత సంబరపడింది."

"చింపెయ్యమనండమ్మా," అన్నాడు టైలరు నీరసంగా.

"చింపొద్దు," అంది భార్య.

ఆవిడ అప్పటికే మేడగది అడుగులతో కొలిచేసింది. కొట్టూ ఇల్లూ ఒకటే అయిన వాళ్ళింట్లో కటింగు బల్ల మడిస్తేనే పరుపు పరవడం, పరుపు చుడితేనే బల్ల వెయ్యడం. ఇక్కడ బల్ల వేసినా ముగ్గురూ పడుకోవచ్చు. కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కించడానికి దీపం అక్కర్లేదు. పైగా అత్తగారు అప్పటికే గురక పెడుతోంది.

"పన్నెండేళ్ళనుంచీ ఇల్లు మారదామంటున్నాను. తెలిసి అడిగితే మారలేదు, తెలియకుండా మీరే మార్చారు. పదండి, మిగతా సామాను తెద్దాం."

"మరి యూనిఫారాలు?" అన్నాడతను. ఆవిడ వ్యాను పిలవడానికి గేటు వైపు నడిచింది. ఆ రోజంతా సామాను మోస్తూనే ఇద్దరూ లోలోపల కుమిలిపోయారు.

మర్నాడు ఉదయం గేటు దగ్గర బండి ఆగింది. బ్యాగులాయన బొంత చుట్టిన పెట్టెతో దిగాడు. దళసరి బ్యాగు గుడ్డకి ఆ మిషను పనికిరాదట, మూడు సూదులు విరిగాయట. విరిగిన ముక్కలు అరచేతిలో పెట్టి చూపించాడు. టైలరు ఉత్సాహం పట్టలేక ముందుకురికి, గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. భార్య ఆ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

ఈసారి బేరం ఆవిడే చేసింది, ఏ భాషా వాడకుండా.