దయాభవనం గొళ్ళెం

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర పుట్టిన కాకి ఆ చివరికి ఎగిరేలోపు ముసలిదైపోయేంత పెద్ద అడవిలో, దయాభవనం అని ఒక కట్టడం ఉండేది. కుంటి, గుడ్డి జంతువుల కోసమని వెనకటి రాజు కట్టించింది. ఏనుగు మీద ఏనుగు నిలబడ్డా గోడల అంచు అందదు. కిటికీల్లోంచి మబ్బులు తప్ప ఎవరూ తొంగిచూడలేరు. ఇక తలుపు మూస్తే చాలు, గొళ్ళెం దానంతటదే పడుతుంది. బయటవైపు.

ఆ దయ చాలాకాలం సాగి, ఎప్పుడో మూతపడింది. లోపలున్నవాళ్ళు ఎటువాళ్ళటు పోయారు. కుంటి ఎలుగుబంటి గవరమ్మ మాత్రం బయటి అరుగు మీద మూలగదిలో ఉండిపోయింది. అరుగేమో తాటిచెట్టంత ఎత్తు. దాని మీదికి ఏటవాలుగా ఓ మట్టిదారి ఉండేది. ఆమె కాలు ఎక్కగలిగింది అదొక్కటే.

ఓ రోజు అడవి జంతువుల సభకి అధ్యక్షుడైన పెద్దపులి, కట్టడాల నిపుణుడు నక్కని వెంటబెట్టుకుని వచ్చింది.

"మన సభకి ఇంతకంటే హుందా అయిన భవనం దొరకదండి," అంది నక్క. "ఆ గోడల పనితనం చూశారా? లోపల గుండెలు పగిలేలా ఏడ్చినా బయట చీమకి వినపడదు."

"మరి ఈ వాలేంటయ్యా, జారుడుబండలా?"

"తీయించేద్దాం. తమబోటివారికి మెట్లుండాలి. నిటారుగా."

గవరమ్మ కాలీడ్చుకుంటూ వచ్చింది. "నాయనా, అది తీసేస్తే నా గదికి నేనెలా ఎక్కను? వానలు నెత్తిమీదున్నాయి."

"నీ గురించి ఒక ఉపసంఘం వేస్తామమ్మా," అంది పులి, ఎంతో ఆప్యాయంగా.

ఉపసంఘం వేశారు. వాలు తవ్వేశారు. ఆ మట్టీ రాళ్ళూ అరుగు కింద కుప్పపోసి, వాలున్నచోట మెట్లు కట్టారు. వానలు మొదలయ్యాయి. గవరమ్మ ఆ కుప్ప పక్కనే తడుస్తూ, పైనున్న తన గది వైపు చూస్తూ కూర్చుంది. తోడుగా గుడ్డి అడవిపంది వీరన్న.

ప్రారంభోత్సవం నాడు, మెట్లెక్కగలిగిన ప్రతి ప్రాణీ విందుకని లోపలికి పోయింది. అధ్యక్షుడి ఉపన్యాసానికి ముందు తలుపు మూయించడం ఆ సభ ఆనవాయితీ. లేకపోతే వినేవాళ్ళు మిగలరు. బంట్రోతు కొండముచ్చు తలుపు లాగింది. బయట గొళ్ళెం పడింది.

ఉపన్యాసం అయ్యేసరికి తిన్నదంతా అరిగిపోయింది. తోస్తే తలుపు కదల్లేదు. అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపుకి లోపల పెచ్చులూడాయి గానీ, బయట గోడ మీద వాలిన సీతాకోకచిలుక రెక్కయినా ఆడించలేదు. గోడలు అంత బాగా కట్టారు మరి.

చివరికి, వెనకట గంజి ముంతలు లోపలికి తోసే కంత మూత తోసుకుని పులి మూతి బయటికొచ్చింది.

"గవరమ్మా, కాస్త వచ్చి గొళ్ళెం తియ్యవమ్మా."

"తీద్దును నాయనా. మెట్లెక్కలేనుగా."

"ఎలాగోలా పాకు."

"నా గురించి వేసిన ఉపసంఘం ఏమంటోంది?"

పులి గడ్డం కిందనుంచి నక్క గొంతు వినపడింది. "ఉపసంఘం కూడా లోపలే ఉంది."

"అయితే అందరూ ఒక్కచోటే ఉన్నారుగా, తేల్చుకోండి. నాకేం తొందర్లేదు, ఎలాగూ తడిసే ఉన్నాను."

వాలు మళ్ళీ కట్టాలన్న తీర్మానం రెప్పపాటులో నెగ్గింది. ఒక్కరూ ఎదురుచెప్పకపోవడం ఆ సభ పుట్టాక అదే మొదలు.

వీరన్న మూతితో మట్టి తోస్తుంటే, గవరమ్మ "కాస్త ఎడమకి తమ్ముడూ, ఇంకొంచెం" అంటూ దారి చెప్పింది. కొండంత కుప్ప మెట్ల మీదికి తోసేసరికి వీరన్న మూతి అరిగి పిల్లి మూతంతయింది. గవరమ్మ పైకెక్కి, ముందు తన గదిలోకి పోయి, ఒళ్ళు ఆరబెట్టుకుని, ఓ కునుకు తీసి, అప్పుడొచ్చి గొళ్ళెం తీసింది.

మర్నాడు ఆ వాలు పక్కన శిలాఫలకం వెలిసింది, 'అధ్యక్షులవారి దయాగుణానికి గుర్తుగా' అని. గవరమ్మ వీపు గోక్కోవడానికి అది భలేగా పనికొచ్చింది.

నీతి: పెద్దల్లో దయ పుట్టించడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, బయటవైపు ఓ గొళ్ళెం ఉంటే చాలు.