జీలుగుకొండకు దిష్టి తగిలింది

జీలుగువలస వెనకున్న జీలుగుకొండ, చూడ్డానికి వచ్చేవాళ్ళ దిష్టి తగిలి వారానికి మూరెడు చొప్పున పొట్టిదవుతోందని పర్యాటక శాఖ గుర్తించింది. శని, ఆదివారాల్లో ఎక్కువ తగ్గేది, పిల్లల పరీక్షల రోజుల్లో కాస్త నిలకడగా ఉండేది. శాఖవారేమీ కంగారు పడలేదు. చంటిపిల్లకి తగిలే దిష్టి కొండకి తగలకూడదని రూలు లేదు కదా! పొద్దున్నే మంచు కప్పుకుని అంత ముద్దుగా కూర్చుంటే ఎవరి కన్నయినా పడుతుంది మరి.

కాబట్టి వచ్చేవాళ్ళందరి మీదా దిష్టి పన్ను వేశారు. ఆ సొమ్ముతో ప్రతి సోమవారం కొండకు దిష్టి తీయాలి. గుమ్మడికాయలకు టెండరు పిలిచారు. దిష్టి తీసే జీపు కొండచుట్టూ కుడి నుంచి తిరగాలా, ఎడమ నుంచా అన్నదానిపై పైఆఫీసు నుంచి స్పష్టత వచ్చేసరికి వానాకాలం గడిచిపోయింది. అప్పుడు శాఖ అధికారి కామేశం గారు ఉప్పూ, ఎండుమిరపకాయలూ జీపులో పెట్టుకుని స్వయంగా కొండచుట్టూ మూడుసార్లు తిరిగొచ్చారు. తీరా ఆ మిరపకాయలు నిప్పుల్లో పోస్తే ఒక్కరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి ఎంత గట్టిగా తగిలిందో ఊళ్ళో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకా గుమ్మడికాయలు కావాలన్నమాట. గుమ్మడికాయలకు పన్ను కావాలి, పన్నుకు జనం కావాలి. అందుకని శాఖ రోడ్డు వెడల్పు చేసింది, కొండ నిండుగా కనపడేలా అద్దాల వ్యూపాయింటు కట్టింది, ‘తరిగిపోకముందే చూడండి’ అని దారిపొడుగునా బోర్డులు పెట్టింది. జనం విరగబడి వచ్చారు. కొండ ఇంకా దిగింది. పాపం, కామేశం గారిది మంచి మనసే. తనవంతు దిష్టి తగలకూడదని ఆయన కొండకేసి చూడ్డం ఎప్పుడో మానేశారు.

చివరికి కొండ రోజుకి ఇన్ని చూపులే మోయగలదని లెక్క తేల్చి, వాటిని పన్ను కట్టినవాళ్ళకి పంచేశారు. ఊరివాళ్ళకి మిగల్లేదు. ఈ కబురు చెప్పడానికి కామేశం గారు కొండకెదురుగా ఉన్న సూరీడమ్మ ఇంటికెళ్ళారు. పెళ్ళై ఆ ఊరొచ్చిన నాటినుంచీ ఆవిడ కళ్ళు మూసుకునే మంచం దిగి, తడుముకుంటూ వాకిట్లోకొచ్చి, కొండ మీదే కళ్ళు తెరుస్తుంది. మనిషి మొహం ఆ తర్వాతే.

“కొండ మొకం సూడకపోతే నాకు తెల్లారదు బాబూ,” అంది సూరీడమ్మ.

“తెలుసమ్మా. కానీ కొండంటూ ఉండాలి కదా.”

“ఉండాల. దానికి మంచిదంటే సూడన్లే,” అని లోపలికెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి ఊరంతా కొండకి వీపు తిప్పి బతకడం మొదలుపెట్టింది. కొండవాలు పొలాలకి వెనక్కి నడుచుకుంటూనే ఎక్కేవారు. అది చూసి యాత్రికులకు భలే ముచ్చటేసింది. “అబ్బ, ఎంత అమాయకులో!” అనుకుంటూ ఫోన్లన్నీ కొండ మీంచి ఊరి మీదకి తిప్పారు. అందరికంటే ఎక్కువ సూరీడమ్మని చూశారు. ఆవిడ నవ్వు అలాంటిది.

కొండ కుదుటపడింది. సూరీడమ్మ పొట్టిదవసాగింది. మొదట ఉట్టి అందలేదు, తర్వాత తలుపు గడియ అందలేదు. కోడలు ఎర్రమ్మ దండెం కిందికి దించి కట్టింది, అత్త చీరలు సగానికి చించి అంచులు కుట్టింది. కామేశం గారు వచ్చి పరిశీలించి, మనుషులకు దిష్టి తీసే పద్దు శాఖలో లేదని విచారించారు. నిజంగానే విచారించారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా. మంచి కబురొకటి తెచ్చారు. కొండ మీద చూపులు మిగిలిపోతున్నాయి కాబట్టి ఊరివాళ్ళు మళ్ళీ చూసుకోవచ్చట.

మర్నాడు పొద్దున ఎర్రమ్మ అత్తని చంకనెత్తుకుని గడప దాటించి వాకిట్లో దించింది. సూరీడమ్మ కళ్ళు తెరిచి తలెత్తింది. ఇంకా ఎత్తింది. మెడ నొప్పెట్టేదాకా ఎత్తింది.

“ఓలమ్మో, మా కొండ ఎంత ఎదిగిపోనాదే!” అని చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ సంబరం కళ్ళారా చూడాలనిపించింది ఎర్రమ్మకి. తన దిష్టి కూడా తగులుతుందేమోనని భయం.

“ఎదిగినాదత్తా,” అంది, గోడకేసి చూస్తూ.