అక్షరం వదలని యంత్రం

మనిషికి మనిషి చదివి వినిపించే పద్ధతిని ప్రభుత్వం వెంటనే నిషేధించాలి!

నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను. వయసు మీదపడి నా చూపు మధ్యలో మసకబారింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి, ముఖం కనబడదు. దీనివల్ల చాలామంది నాకు మునుపటికన్నా అందంగా కనబడుతున్నారు. అది వేరే సంగతి.

మొదట భూతద్దం కొన్నాం. దాంట్లోంచి చూస్తే ఒకసారికి రెండు మూడు అక్షరాలే. నేను ‘మంత్రి’ దగ్గర బయలుదేరి ‘రాజీనామా’ చేరేలోపు ఆయన మళ్లీ పదవిలోకి వచ్చేసేవాడు!

తర్వాత ఆ పని మా ఆవిడ నెత్తిన వేసుకుంది. ఆవిడ చదువుతుంటే వినాలి మీరు! హత్య జరిగిన ఇంటికి పోలీసులు చేరకముందే కుక్కర్ కూతేస్తుంది. ఆవిడ అటు పరుగు. హంతకుడు దొరికాడో లేదో నాకు మర్నాటిదాకా తెలియదు. పైగా సొంత వ్యాఖ్యానం! “ఈ ఫొటోలో వాడి చూపు చూస్తేనే తెలుస్తోందండీ, వీడే చంపుంటాడు” అంటుంది. ఇక కోర్టులెందుకు?

నా అవస్థ చూసి మా అమ్మాయి ఒక యంత్రం కొనిచ్చింది. టేబుల్ ల్యాంపులా ఉంటుంది. కింద కాగితం పెట్టి బటన్ నొక్కితే పైకి చదువుతుంది. అబ్బ, ఏం క్రమశిక్షణ! పేజీ నంబరు వదలదు. మాత్రల అట్ట పెడితే బ్యాచ్ నంబరుతో సహా తీర్పులా వినిపిస్తుంది. దానికి దగ్గు లేదు, వంట లేదు, అభిప్రాయం అసలే లేదు.

మొన్న ఆదివారం పేపరు పెట్టాను. వాతావరణం చదివింది. అదే గొంతుతో, “తొలి వర్ధంతి” అంటూ మా క్యారమ్స్ గురువు పేరు, కింద అతని పిల్లల పేర్లు చదివింది. అదే ఊపులో, “పరుపులపై భారీ తగ్గింపు” అంది.

క్యారమ్స్ గురువంటే పోస్టాఫీసులో నా పక్క సీటువాడు. కిందటేడు ఆట మధ్యలో ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఫోను లేదు. అడిగినప్పుడల్లా మా ఆవిడ, “ఇంకా అలకలో ఉన్నారేమో, మెల్లగా ఆయనే చేస్తార్లెండి” అనేది. నేనేం తక్కువ తిన్నానా? నేనూ బిగుసుకు కూర్చున్నాను.

అంటే ఏడాదిగా నేను లేని మనిషి మీద అలిగానన్నమాట!

యంత్రం కట్టేసి ఆవిడను పిలిచాను.

“నీకు తెలుసా?”

వచ్చి నా పక్కన కూర్చుంది. “మీ కంటికి ఆపరేషనైన వారమండీ అది. ఏడవకూడదన్నాడు డాక్టరు. తగ్గాక చెబుదామనుకున్నా. ఆ తర్వాత పేపరు పట్టుకున్నప్పుడల్లా అనుకునేదాన్ని... నోరు రాలేదు.”

చూశారా! మనిషితో చదివించుకుంటే జరిగేది ఇదే. చావు కబురు ఏడాదిపాటు ఒక్కతే కడుపులో దాచుకుని, మనకేమో వానొస్తుందో రాదో చదివి వినిపిస్తుంది!

సాయంత్రందాకా యంత్రం జోలికి పోలేదు. చివరికి పేపరు ఆవిడ చేతిలో పెట్టాను.

“నువ్వు చదువు.”

“విన్నారుగా, మళ్లీ ఎందుకండీ?”

“చదువు.”

చదివింది. పేరు దగ్గర ఆగిపోయింది. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది. పిల్లల పేర్లన్నీ అయ్యాక, ఆఖర్న నెమ్మదిగా ఇలా చదివింది: “పాత స్నేహితుల్ని రోజూ తలచుకునేవారు. ఎవరి మీదా తనకు కోపం లేదని చెప్పేవారు.”

ఈ మాటలు యంత్రం చదవలేదు. నాకు బాగా గుర్తు. పిల్లల పేర్లవగానే పరుపుల దగ్గరికి వెళ్లిపోయింది.

అక్షరం కూడా వదలదని కంపెనీ హామీ ఇచ్చిన యంత్రం, ఇంత ముఖ్యమైన రెండు వాక్యాల్ని ఎలా వదిలేసింది? ఇదేం నాణ్యత? రేపే దాన్ని రిపేరుకు పంపిస్తున్నాను. బాగయ్యేదాకా, తప్పేదేముంది, పేపరు మా ఆవిడే చదువుతుంది.

తొందరేమీ లేదని షాపువాడికి చెప్పమన్నాను.