నిత్య ఫస్టియర్ యోగం

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలంతా కోర్సు మధ్యలో ఒక్కసారైనా కాలేజీ మారి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. మారనివాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళు ఒకే ఒక్కసారి ఫస్టియర్ చదివేసి, నేరుగా సెకండియర్‌కు వెళ్ళిపోతారు. జీవితంలో అంత తొందర దేనికండీ?

ఇది గాలిలో అంటున్న మాట కాదు. మా అక్క కూతురు ఈ భాగ్యానికి నోచుకుంది. దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి సాధికారంగా చెబుతున్నాను.

ఆ పిల్ల మొదట చేరిన కాలేజీలో రెండేళ్ళు చదివింది. మంచి మార్కులతోనే చదివింది. ఆ తరువాత తెలిసిందేమిటంటే, ఆ కాలేజీ ఇచ్చే డిగ్రీతో బిల్డింగుల బొమ్మలు ఎన్నయినా గీసుకోవచ్చు గానీ, ప్లాను కింద ఆర్కిటెక్టుగా సంతకం పెట్టడానికి లైసెన్సు రాదు! ఇందులో కాలేజీవాళ్ళ తప్పేమీ లేదు. అడిగితే చెప్పేవారట. చేర్పించడానికి వెళ్ళినరోజు గేటు దగ్గరి ఫౌంటెన్‌ను చూసి మేమంతా నోరు తెరిచాం. తెరిచిన నోటితో ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

సరే, ఉండాలా మారాలా? ఇంట్లో సమావేశం పెట్టారు. మా బావ బట్టల షాపు నడుపుతాడు. ఏ విషయాన్నైనా గుడ్డ కొలిచినట్టు కొలిచి, చించే ముందు మళ్ళీ కొలిచే రకం. డైనింగ్ టేబుల్ మీది అట్టముక్కలు, జిగురు సీసాలు పక్కకు జరిపి, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టాడు.

"చూడమ్మా. ఉంటే డిగ్రీ వస్తుంది, సంతకం రాదు. మారితే సంతకం వస్తుంది, ఈ రెండేళ్ళూ పోవచ్చు. నీకేది కావాలో చెప్పు."

"సంతకమే నాన్నా" అంది ఆ పిల్ల, ఆలోచించకుండా.

ఎందుకంటే తను చిన్నప్పుడు చదువుకున్న బడిలో ఆమె తరగతి మెట్ల కింద ఉండేది. కిటికీ లేదు. మబ్బు పట్టినరోజు బోర్డు మీద ఏం రాశారో పక్కపిల్లను అడిగి రాసుకునేది. ఎప్పటికైనా ప్రతి బెంచీ మీదా వెలుతురు పడేట్టు ఒక బడి కట్టాలని, ఆ ప్లాను కింద తన సంతకమే ఉండాలని అప్పట్నుంచీ ఆమె పట్టుదల. ఆ మాట విని మా అక్క కళ్ళు తుడుచుకుంది. నేనూ పక్కకు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాను. వ్యంగ్యం రాసుకుని బతికేవాడి ఆరోగ్యానికి ఇలాంటి సంఘటనలు మంచివి కావు.

కొత్త కాలేజీలో ఒక కమిటీ ఉంది. వచ్చిన పిల్లలకు ఎంత చదువు వచ్చిందో తేల్చడం దాని పని. ఆ కమిటీవారు మా పిల్ల వేసిన డ్రాయింగులన్నీ బల్ల మీద పరిచి, కళ్ళజోళ్ళు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"గీతలు బాగున్నాయమ్మా. కానీ ఇవి మా పద్ధతి గీతలు కావు. మళ్ళీ ఫస్టియర్ నుంచి రావాలి" అన్నారు.

అన్నీ కొట్టేశారనుకునేరు! ఒక సబ్జెక్టు ఒప్పుకున్నారు. వ్యక్తిత్వ వికాసం. అంటే రెండేళ్ళలో అమ్మాయి వ్యక్తిత్వం వికసించిందని వాళ్ళకూ నమ్మకం కుదిరింది. చెయ్యి మాత్రం వికసించలేదు. నిజమే మరి, ఇంత విన్నాక కూడా వాళ్ళకు నమస్కారం పెట్టి బయటికొచ్చిందంటే వ్యక్తిత్వం వికసించినట్టే కదా?

ఇందులో లాభాలు చూడండి. తనకన్నా చిన్నపిల్లలంతా "అక్కా, అక్కా" అంటూ చుట్టూ మూగి, పెన్సిలు ఎలా చెక్కాలో అడుగుతారు. పాత కాలేజీ స్నేహితులు ఫోన్లో బ్రిడ్జీల గురించీ, ఆడిటోరియాల గురించీ మాట్లాడుకుంటుంటే, మనం హాయిగా అట్టతో ఘనాకారం చేసుకోవచ్చు. ఇంటికి కూడా కళ వస్తుంది! మా అక్క ఇంట్లో వాషింగ్ మెషీన్ మీద అట్టతో చేసిన ఒక మ్యూజియం, బీరువా మీద ఒక బస్టాండు, బావ మంచం కింద ఒక కాలనీ ఉన్నాయి. వంటింట్లో ఉల్లిపాయలు పోసుకున్నది ఒకప్పుడు జ్యూరీలో, అంటే మార్కులేసే పెద్దల ముందు, మెప్పు పొందిన గ్రంథాలయం. ఇప్పుడు ఇవన్నీ ఇంకోసారి తయారవుతాయి. బావ ఎక్కడ పడుకుంటాడన్నది చిన్న సమస్య.

ఇంత గొప్ప పద్ధతిని ఒక్క ఆర్కిటెక్చర్ పిల్లలకే పరిమితం చేయడం అన్యాయమని నా వాదన. ఆపరేషన్లు చేసి చేసి చెయ్యి తిరిగిన డాక్టరు ఆస్పత్రి మారాడనుకోండి. కొత్తచోట థర్మామీటరు పెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పాత ఆస్పత్రిలో కోసిన కడుపులు వేరు, ఇక్కడి కడుపులు వేరు. బస్సు డ్రైవరు డిపో మారితే హారన్ ఎక్కడుందో నేర్చుకుని పరీక్ష రాయాలి. అంతెందుకు, అద్దె ఇల్లు మారినప్పుడల్లా భార్యాభర్తలను కూడా కొత్తగా ఒకరికొకరిని పరిచయం చేయాలి. పాత ఇంట్లో చేసిన కాపురం ఈ ఇంట్లో చెల్లదు! కొన్ని ఇళ్ళలో దీనికి ఇద్దరూ సంతోషంగా ఒప్పుకుంటారని నా అనుమానం.

సరే, మా పిల్ల క్లాసులు మొదలయ్యాయి. మొదటిరోజు పాఠం, స్కేలు లేకుండా కాగితం ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా గీత గీయడం. ఏ కాలేజీలోనైనా మొదటిరోజు పాఠం ఇదేనట. పిల్లలంతా పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. పాఠం చెప్పే ప్రొఫెసరు లోపలికి వచ్చారు.

ఎవరనుకున్నారు? పాత కాలేజీలో ఈమెకు ఇదే గీత నేర్పి, దిద్ది, మొదటి మార్కు వేసినాయనే! ఆయనా ఈమధ్యే కాలేజీ మారారట. అక్కడ ఆయన చేసిన సర్వీసు మొత్తాన్నీ ఇక్కడ ఒక్కరోజు కూడా తగ్గకుండా కలుపుకుని, పైపెచ్చు ఒక మెట్టు పైకెక్కించి, ఫస్టియర్‌కు హెడ్డుగా కూర్చోబెట్టారు.

మా పిల్ల ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడింది.

"సార్, నన్ను గుర్తుపట్టారా? ఇది మీ దగ్గర పాసయ్యాను."

"ఎందుకు గుర్తుండవమ్మా! కానీ అక్కడ పాసైతే ఇక్కడ చెల్లదు కదా."

"మీరు నేర్పింది ఇక్కడ చెల్లనప్పుడు, నేర్పిన మీరెలా చెల్లారు సార్?"

ఆయన కోప్పడలేదు. పెద్దమనిషి. "ఇలాంటి ప్రశ్నలు ఫైనలియర్‌లో అడగాలమ్మా. ఇప్పుడు గీత గియ్యి" అన్నారు.

గీసింది. ఎలా గీసిందో వేరే చెప్పాలా? ఆయన ఆ కాగితం అందుకుని, పైకెత్తి క్లాసంతటికీ చూపించారు.

"చూడండర్రా, మొదటిరోజే ఎంత తిన్నగా గీసిందో! ఇది పుట్టుకతో రావాలి. ఒకరు నేర్పితే వచ్చేది కాదు."

ఈ సంగతి చెబుతూ మా పిల్ల మొదట నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద అరవాలో తెలియక, బస్టాండు మీద దుమ్ము పేరుకుందని మా అక్కమీద అరిచాను.

కాస్త తేరుకున్నాక ఆ పిల్ల అడిగింది.

"మామయ్యా, ఇంకో మంచి కాలేజీ ఉందట. మారిపోనా?"

ఇంత వ్యాసం రాసిన నేను ఏమనాలి? వెంటనే మారమనాలి. కానీ వద్దన్నాను. మారితే ఆమె మళ్ళీ ఫస్టియర్‌లో కూర్చుంటుంది. ఆమె వెనకే ఆయన కూడా మారితే, ఈసారి ప్రిన్సిపాలై వస్తారు.