పెనం మీద అతివాహకం

కోడలి పనంటే అత్తగారికి మహా గర్వం. అందుకే ఆ ఉదయం, పెద్దవాళ్ళంతా చూడబోయే వస్తువు మసిబట్టినట్టు కనిపించేసరికి ఆవిడ ప్రాణం ఊరుకోలేదు.

అది చొక్కా గుండీ అంత నల్లటి బిళ్ళ. రాగి, ఆక్సిజన్‌లకు మరో రెండు లోహాలు చేర్చి కాల్చిన అతివాహకం. లోపల ఆక్సిజన్ సరిపడా ఉంటే, బాగా చల్లబరచినప్పుడు ఎలక్ట్రాన్లు ఏ అడ్డూ లేకుండా పరుగెడతాయి. పైన పెట్టిన అయస్కాంతం గాలిలో తేలుతుంది. ఇవాళ తేలితే కోడలి ల్యాబు నిలుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. ల్యాబులో తేమ చేరనివ్వని పెట్టె పాడవడంతో, ఆమె బిళ్ళను సీసాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంది.

కోడలు స్నానానికి వెళ్ళగానే అత్తగారు సబ్బూ పీచూ అందుకున్నారు. ఎంత తోమినా నలుపు వదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, "దానికి తడి తగిలితే నా కొంప మునిగినట్టే అత్తయ్యా" అని రాత్రి కోడలు అన్న మాట. తడి ఆరాలని ఆవిడ బిళ్ళను గబగబా పెనం మీద వేసి మంట పెద్దది చేశారు. సరిగ్గా అప్పుడే చెల్లెలు ఫోను చేసింది.

"ఇవాళ మా కోడలిదే ప్రదర్శన! నేనూ వెళ్తున్నానే, ముందు వరసలో కూర్చుంటా. దాని బుర్ర ఎలాంటిదనుకున్నావు..."

పెనం ఎర్రబడేదాకా ఆ గొప్పలు సాగాయి. తర్వాత బిళ్ళ చల్లారింది, సీసాలోకి చేరింది, అత్తగారి నోరు మూతపడింది.

ల్యాబులో పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో బిళ్ళను ముంచి, కోడలు పైన అయస్కాంతం పెట్టింది. అది నిక్షేపంగా కూర్చుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ కూర్చుంది.

"ఇక లాభం లేదమ్మా" అన్నాడు పరీక్షించడానికొచ్చిన శాస్త్రవేత్త.

ముందు వరసలోంచి అత్తగారు లేచారు. "తప్పు నాదండీ. తోమింది నేనే, పెనం మీద మాడ్చిందీ నేనే. పిల్లనేమీ అనకండి."

అందరూ నవ్వారు. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే ఏదో తట్టింది. "అంత వేడికి ఆక్సిజన్ కొంత పోయుంటుంది సార్. ఇంకా చల్లబరచి చూద్దాం."

నైట్రోజన్ కన్నా ఎక్కువ చల్లబరిచే హీలియం యంత్రంలో పెట్టారు. ఎలక్ట్రాన్లకు అడ్డు ఎంతుందో చూపే గీత తెరమీద మెల్లగా దిగుతూ, బిళ్ళ బాగా చల్లబడ్డాక ఒక్కసారిగా సున్నాకి పడింది. అయితే అంతకు ఎంతో ముందే, వంగకూడని చోట గీత వంగింది. శాస్త్రవేత్త కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆక్సిజన్ తగ్గితే ఎలక్ట్రాన్లు పరుగుకు ముందే ఇలా తిక్కగా ప్రవర్తిస్తాయి. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూళ్ళేదు! ఈ ఘనత ఎవరిది?"

"మా అత్తయ్యది" అంది కోడలు, తలెత్తి, అందరికీ వినబడేలా. అత్తగారి కళ్ళు చెమర్చాయి.

"ఎంతసేపు వేడి చేశారమ్మా?"

"మా కోడలి గొప్పలు మా చెల్లికి చెప్పినంతసేపూనండీ."

ల్యాబు నిలిచింది. మర్నాడు అదే పద్ధతిలో రెండో బిళ్ళ చేయాలని, అందరూ చుట్టూ చేరి చూస్తుండగా అత్తగారు పెనం పెట్టి, చెల్లెలికి ఫోను కలిపారు.

ఈసారి చెప్పుకోవలసిన గొప్పలు ఎక్కువవడంతో బిళ్ళ పూర్తిగా పాడైంది.