మెడకొక గరాటు

ప్రతి మనిషి మెడకూ ఒక ప్లాస్టిక్ గరాటు తగిలించాలని ఈ కాలమ్ ముఖంగా డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి! ఇరవై ఒక్క రోజులు దగ్గరుండి పరిశోధించి మరీ చెబుతున్నాను.

గరాటంటే వంటింట్లో నూనె పోసుకునేది కాదు. కుక్కలు తమ కుట్లు తాము నాక్కోకుండా పశువుల డాక్టర్లు వాటి మెడకు తొడిగేది. మా మెట్ల కింద పడుకునే మూణ్ణెల్ల కుక్కపిల్లను నెల కిందట ఒక సాయంత్రం ఎవరిదో మోటార్ సైకిల్ గుద్దేసి పోయింది. వెనక కాలు తొడ దగ్గర విరిగింది, పొట్ట పక్కన చర్మం చీలింది. తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి మోసుకెళ్లాను. ఎప్పుడు జరిగిందని డాక్టరమ్మ అడిగితే, ఇప్పుడేనన్నాను. ఆవిడ ఎముకలో స్టీలు కడ్డీ దించి, పదకొండు కుట్లు వేసి, మూడో రోజున గరాటు తొడిగి నా చేతిలో పెట్టింది.

"కుట్లు ఊడదీసుకుందంటే చీము పడుతుంది. అప్పుడు కాలు తీసెయ్యాల్సి వస్తుంది. రెండు వారాలు ఎంత ఏడ్చినా గరాటు తియ్యకండి."

ఏడవడమా! గుమ్మానికి గుద్దుకుంది. మంచం కోడుకు గుద్దుకుంది. నీళ్ల గిన్నె బోర్లించి, దాన్ని బోర్లించిన దుర్మార్గుడెవడా అని నా వైపు చూసింది. పక్కన ఏముందో దానికి కనబడదు. ఆ గరాటు లోపల్నుంచి చూసే చూపులో, నా అంత ద్రోహి భూమ్మీద లేడు.

అయినా గాయం మానుతోంది. ఎందుకు? నాలుక అందదు గనక! మా గదిలో గోడ పొడుగునా మనస్తత్వ శాస్త్రం పుస్తకాలున్నాయి. అన్నీ చదివితే తేలేది ఈ ఒక్క ముక్కే: మనిషి తన గాయాన్ని మాననివ్వడు, నాకుతాడు. ఆఫీసులో పై అధికారి నమస్కారం అందుకోలేదని నెలల తరబడి నాకుతాడు. పెళ్లి ఫోటోలో తన తల సగమే పడిందని ఇరవయ్యేళ్లు నాకుతాడు. అదే, మెడకొక గరాటుంటే?

నన్నే తీసుకోండి. పదకొండేళ్ల కిందట భోజనాల దగ్గర మా బావ, "వాడికేం, కూర్చుని రాసుకుంటాడు" అన్నాడు. కుక్కపిల్లకు సాయంగా వచ్చిన మా అక్క దగ్గర ఆ సంగతి మళ్లీ ఎత్తాను. ఆమె దాని నోట్లో మందు పోస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఆయనెప్పుడో మర్చిపోయాడురా. డాక్టరమ్మనడిగి నీ సైజుది కూడా ఒకటి తెప్పిస్తాను, ఉండు."

చూశారా? పుస్తకాలు చదవని మనిషికి కూడా అర్థమైపోయింది!

తొమ్మిదో రోజున జాలిపడి ఐదు నిమిషాలు గరాటు తీశాను. ఆ ఐదు నిమిషాల్లో రెండు కుట్లు ఊడాయి. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ సూదులు. కాలు ఉంటుందో లేదో వారం దాకా చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ వారం అక్కా నేనూ గంటకొకసారి వంతులవారీగా దాని కాలివేళ్లు పట్టుకుని వెచ్చగా ఉన్నాయో లేదో చూశాం. అలా రెండు వారాలు మూడయ్యాయి.

మొన్న గరాటు తీసేశారు. కాస్త కుంటినా, నాలుగు కాళ్లూ నేల మీద ఆన్చి నడిచింది. అక్క కళ్లు తుడుచుకుంటూ, కంట్లో ఏదో దుమ్ము పడిందిలే అంది. డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది కూడా.

"దెబ్బ తగిలిన వెంటనే తెచ్చారు. అందరూ అలా తేరు."

ఇక్కడ నా పరిశోధనలో ఒక లోపం ఒప్పుకోవాలి. గరాటు తొడిగితే పక్కన ఏం జరిగినా కనబడదు. గుద్దేసి వెనక్కి తిరిగి చూడకుండా పోయినవాడికి ఎవరు తొడిగారో! వాణ్ని ఇరవై ఒక్క రోజులు తిట్టుకున్నాను. హాయిగానే ఉండేది.

కానీ ఆ సాయంత్రం కింద బ్రేకు కీచుమనడం, ఆ తర్వాత సన్నటి అరుపు, రెండూ నాకు వినిపించాయి. నేను బల్ల దగ్గర కూర్చుని, హారన్ మోత ఆరోగ్యానికి ఎంత మంచిదో మీ కోసం రాస్తున్నాను. చివరి వాక్యం కుదరలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. అరుపు ఆగలేదు. వాక్యం కుదిరాకే మెట్లు దిగాను.

ఆ చివరి వాక్యం బ్రహ్మాండంగా ఉందని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ధన్యవాదాలు.

ఈ వ్యాసానికి కూడా అలాంటిదొకటి కావాలని ఇందాకట్నుంచి వెతుకుతున్నాను. తలుపవతల కుక్కపిల్ల కుయ్యిమంటోంది. వెళ్తున్నాను, ఆ వాక్యమేదో మీరే పెట్టుకోండి.